పువ్వు పుట్టడం వేరు, పూయడం వేరు

రెండేళ్ళ క్రితం అక్టోబరులో, బయట ముసురు పట్టి ఉండగా, ఆన్‌లైన్‌లో తెప్పించిన ఆరు డాఫడిల్ గడ్డల్లో ఒకదాన్ని కావలిలోని మా వంటింట్లో కత్తిపీట మీద పెట్టి నిలువునా కోశాను. చూడటానికి అది అచ్చం మేము ఎర్రగడ్డ అనే ఉల్లిపాయలాగే ఉంది. పైన గోధుమరంగు పొట్టు, లోపల ఒకదాన్నొకటి కప్పుకున్న తెల్లటి పొరలు. ఆ పొరల నడిమధ్యన, లేత ఆకు మొలకల కౌగిట్లో, వడ్లగింజ కన్నా కాస్త పెద్దదిగా పాలిపోయిన మొగ్గ ఒకటి కనిపించింది. దాన్ని సూదిమొనతో విప్పి భూతద్దం కింద చూస్తే రేకులూ, వాటి మధ్యన గిన్నెలా నిలిచే భాగమూ, కేసరాలూ అన్నీ అప్పటికే ఏర్పడి ఉన్నాయి. ఇంగ్లండులో ఈ పువ్వు ఫిబ్రవరి, మార్చి నెలల్లో పూస్తుంది. పూయడానికి నాలుగైదు నెలల ముందే అది పూర్తిగా తయారై గడ్డలో కాచుకుని ఉందన్నమాట.

మన తరం వాళ్ళలో చాలామందికి డాఫడిల్ అనే పేరు బడిలో ఇంగ్లీషు పాఠం చెప్పించుకున్ననాడే తెలుసు, పువ్వును మాత్రం చూసి ఉండరు. నేనూ అంతే. ఆ పసుపు పువ్వు కనబడగానే చలిదేశాల వాళ్ళు ఎందుకంత పొంగిపోతారో, మనకు అలాంటి తొలి గుర్తు ఏదో, అసలు చెట్లకు కాలం వచ్చిందని ఎవరు చెబుతారో తెలుసుకోవాలన్న కోరిక ఆ గడ్డలతోనే మొదలైంది. మిగిలిన అయిదు గడ్డలనూ కుండీల్లో నాటాను. ఆకులు జానెడు పెరిగాయి, పువ్వు రాలేదు. ఫిబ్రవరిలో ఒక గడ్డను తవ్వి మళ్ళీ కోస్తే లోపలి మొగ్గ కాగితంలా ఎండిపోయి ఉంది. మట్టి లోపమనీ, నీళ్ళ లోపమనీ మొదట అనుకున్నాను. రెండూ కావు, దానికి చలి అందలేదు.

ఇక్కడే చాలామంది పొరబడే చిక్కు ఒకటి ఉంది. డాఫడిల్‌కు చలి కావాలంటే, చలిలోనే దాని పువ్వు పుడుతుందని అనుకుంటాం. నిజానికి పువ్వు పుట్టేది వెచ్చదనంలో. అంతకు ముందటి వసంతంలో పూసిన మొక్క ఆకులు ఎండేలోపు ఆహారాన్నంతా గడ్డలోకి దించుతుంది, ఆ వేసవిలోనే గడ్డ లోపల మరుసటి ఏటి మొగ్గ కడుతుంది. ఆ తర్వాత సుమారు 12 నుంచి 16 వారాల పాటు 9 డిగ్రీల లోపు చలి తగిలితేనే పూకాడ సాగే శక్తి గడ్డకు వస్తుంది. చలి పువ్వును తయారు చేయదు, తయారైన పువ్వును బయటికి వెళ్ళనిస్తుంది. నెల్లూరులో జనవరి రాత్రుల సగటు కనిష్ఠ ఉష్ణోగ్రత 20 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది కనుక, మా కుండీలోని గడ్డ దృష్టిలో శీతకాలం రానే లేదు. రాని శీతకాలం వెళ్ళిపోయిందని అది ఎలా తెలుసుకుంటుంది?

గడ్డ పెట్టుకునే ఈ షరతు వెనుక పెద్ద జాగ్రత్త ఉంది. ఈ జాతికి పుట్టినిల్లు స్పెయిన్, పోర్చుగల్ వైపున్న మధ్యధరా పశ్చిమ తీరం. చలిదేశాల్లో నవంబరులోనో డిసెంబరులోనో నాలుగు రోజులు వెచ్చగా ఉంటే దాన్ని చూసి మోసపోయి పూసిన మొక్క, మర్నాడు కురిసే మంచుకు మాడిపోతుంది. చలి వారాలను లెక్కబెట్టుకుని, లెక్క నిండాక మాత్రమే వెచ్చదనానికి స్పందించే మొక్క బతికి బట్టకడుతుంది. పైగా అడవిలోని పెద్ద చెట్లు ఇంకా ఆకు వేయకముందే పూస్తే నేలమీది చిన్న మొక్కకు కావలసినంత వెలుతురు దొరుకుతుంది. చూసేవాళ్ళకు అది తొలి వసంతపు కానుకగా కనబడితే, మొక్కకు అది నెలల తరబడి పెట్టుకున్న లెక్క. వేల్సులో మార్చి 1న సెయింట్ డేవిడ్ పండుగకు జనం ఈ పువ్వును కోటు మీద పెట్టుకుంటారు. అది వాళ్ళ జాతీయ చిహ్నాల్లో ఒకటి. అయిదారు నెలల చీకటీ చలీ అనుభవించిన కళ్ళకు ఆ పసుపు ఎంత హాయిగా ఉంటుందో ఊహించడానికి మనం కొంచెం ప్రయత్నించాలి. మన అనుభవం వేరు, ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఈ పువ్వు మనకు మరీ పరాయిది కూడా కాదు. ఎర్రగడ్డా వెల్లుల్లీ దీని కుటుంబానికే చెందినవి. అయితే పోలిక చూసి ఎవరూ నోట పెట్టకూడదు, దీనిలో లైకోరిన్ అనే విషం ఉంది. అదే జాతిలోని గాలంటమిన్ అనే పదార్థాన్ని అల్జీమర్స్ జబ్బుకు మందుగా వాడుతున్నారు. నెల్లూరులోని ముస్లిం ఇళ్ళలో ఆడపిల్లలకు పెట్టే నర్గిస్ అనే పేరు ఈ జాతి పువ్వుదే. ఇక వానాకాలంలో మన పెరళ్ళలో రాత్రికి రాత్రి విచ్చుకునే రెయిన్ లిల్లీ దీనికి దగ్గరి చుట్టం. దానిదీ గడ్డే, అదీ కాచుకుని కూర్చునేదే. కాకపోతే అది ఎదురుచూసేది చలి కోసం కాదు, ఎండిన నేలమీద పడే మంచి వాన కోసం. ఒకే కుటుంబంలో ఒకటి చలిని, మరొకటి వానను తలుపు తట్టే చేయిగా ఎంచుకున్నాయి.

మరి మన వైపు తొలి వసంతపు పువ్వు ఏది? ఒక్కటే చెప్పమంటే నేను కొండగోగు పేరు చెబుతాను. ఫిబ్రవరిలో ఉదయగిరి దుర్గం ఎక్కినా, వెలికొండల రాళ్ళ వాలుల్లో నడిచినా, చుట్టూ బూడిదరంగు రాయి, ఎండిన బోద, ఆకు రాల్చిన కొమ్మలు మాత్రమే కనిపిస్తాయి. వాటి నడుమ వంకర తిరిగిన చిన్న చెట్టు ఒకటి ఒక్క ఆకైనా లేకుండా, కొమ్మ చివర్లన్నిటా అరచేయంత పసుపు పువ్వులు పెట్టుకుని నిలబడి ఉంటుంది. ఆ పసుపు డాఫడిల్ పసుపుకు ఏమాత్రం తీసిపోదు. పువ్వును దగ్గరగా చూస్తే అయిదు రేకుల నడుమ లెక్కలేనన్ని కేసరాలు ఉంటాయి. ఒక కేసరాన్ని గోటితో తట్టి చూశాను, పుప్పొడి రాలలేదు. పుప్పొడి తిత్తులు నిలువునా పగలవు, కొనలో ఉన్న సన్నటి రంధ్రం గుండానే పుప్పొడి బయటపడాలి. కాసేపటికి నల్ల తుమ్మెద ఒకటి వచ్చి, కేసరాలను కాళ్ళతో పొదివి పట్టుకుని, రెక్కలు కదల్చకుండానే ఒళ్ళంతా అదిరేలా ఝుంకారం చేసింది. ఆ అదురుకు రంధ్రాల్లోంచి పుప్పొడి చిమ్మి దాని పొట్టంతా పచ్చగా అంటుకుంది. పద్యాల్లో తుమ్మెద ఝుంకారాన్ని సంగీతమని చదువుకున్నాం. ఈ పువ్వు దగ్గర అది తాళం తీసే పనిముట్టు కూడా.

నీటి చుక్క లేని రాతిమీద, ఎండ ముదిరే వేళ, ఇంత పెద్ద పువ్వులకు చెట్టు నీళ్ళెక్కడి నుంచి తెస్తుంది? దీనికి జవాబు మన ప్రాంతపు వానల లెక్కలో ఉంది. నెల్లూరు జిల్లాకు ఏడాది వర్షపాతంలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది. ఒంగోలు దాటి పడమరగా మార్కాపురం, గిద్దలూరు వైపు పోయేకొద్దీ నైరుతి వానల వాటా పెరుగుతుంది. ఎటు చూసినా జనవరి నాటికి వానలు తగ్గిపోతాయి, నేల ఆరడం మొదలవుతుంది. చెట్టు తాగే నీటిలో అత్యధిక భాగం ఆకుల గుండా ఆవిరై పోతుంది కనుక, ఆకు రాల్చిన చెట్టు ఆ ఖర్చును ఒక్కసారిగా ఆపేస్తుంది. వేళ్ళకు అందే కొద్దిపాటి తేమతోనూ, బోదెలో దాచిన నీటితోనూ కొమ్మలు మళ్ళీ నిండుతాయి, అప్పుడు మొగ్గలు ఉబ్బుతాయి. కోస్టారికాలోని పొడి అడవుల్లో ఏళ్ళ తరబడి చెట్లను కొలిచిన రోల్ఫ్ బోర్చర్ట్ అనే శాస్త్రవేత్త ఈ సంగతిని స్పష్టంగా చూపించారు. కొండగోగు, బూరుగ వంటి మెత్తటి మాను ఉన్న చెట్లు బోదెనే చెరువుగా వాడుకుంటాయి. డాఫడిల్ గడ్డలో ఆహారం దాచుకుంటే, మన కొండగోగు మానులో నీళ్ళు దాచుకుంటుంది. ఆకు రాలడాన్ని మనం చెట్టు నీరసపడటంగా చూస్తాం. అది చెట్టు పువ్వు కోసం చేసే పొదుపు.

మోదుగదీ ఇదే దారి. అడవంచున, పొలం గట్ల మీద, మాఘం చివరా ఫాల్గుణంలోనూ ఆకులు రాల్చి నిప్పు అంటుకున్నట్టు పూస్తుంది. దాని పువ్వు చిలకముక్కులా వంగి ఉంటుంది కాబట్టే, ఇది చిలకా ఏమిటి అనే అర్థంలో సంస్కృతం దానికి కింశుకమని పేరు పెట్టింది. ఆకులు అడ్డు లేకపోవడం వల్ల ఆ ఎరుపు గోరువంకలకూ తేనెపిట్టలకూ దూరం నుంచే కనిపిస్తుంది. మార్చిలో ఫలదీకరణ జరిగిన పువ్వు, మే నెల చివరికి పల్చటి బిళ్ళలాంటి కాయగా ఎండి గాలికి ఎగిరి, తొలకరికి నేలమీద సిద్ధంగా ఉంటుంది. వెనక్కి లెక్కగట్టి చూస్తే మోదుగ పూసే వేళను నిర్ణయించింది జూన్ వాన అనిపిస్తుంది.

మామిడి దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది, ఇక్కడే నేను చాలాకాలం తికమకపడ్డాను. ఉలవపాడు తోటల్లో పూత డిసెంబరు చివరి నుంచే కనబడుతుంది. అది చలి వెళ్ళాక వచ్చిన పువ్వు కాదు, చలి ఉండగానే వచ్చింది. కారణమేమిటంటే మామిడి కొమ్మ చివరి మొగ్గ చాలాకాలం ఏ నిర్ణయమూ తీసుకోకుండా ఉంటుంది. అది ఇగురుగా, అంటే ఆకు చిగురుగా మారవచ్చు, పూగుత్తిగానూ మారవచ్చు. వర్షాకాలపు ఇగురు బాగా ముదిరి, తర్వాత నేల కాస్త ఆరి, రాత్రులు చల్లబడితే అది పూత వైపు మొగ్గుతుంది. రాత్రి 15 డిగ్రీల దగ్గరికి దిగితే ఆ మొగ్గు మరీ బలంగా ఉంటుంది, మన తీరంలో అంత చలి అరుదు కనుక రెమ్మ వయసూ నేల ఆరడమూ ఆ లోటును కొంతవరకు పూడుస్తాయి. డాఫడిల్‌లో చలి తలుపు తీస్తే, మామిడిలో చలి పువ్వునే పుట్టిస్తుంది. పైకి రెండూ చలిని బట్టి పూసే పువ్వుల్లాగే కనబడతాయి గానీ లోపల జరిగింది పూర్తిగా వేరు.

ఒక ఏడాది డిసెంబరు చివర్లో వాయుగుండం పట్టి వానలు పడ్డాయి. సంక్రాంతి ముందు ఉలవపాడు దగ్గర ఒక తోటలోకి వెళ్తే చెట్లన్నీ రాగిరంగు ఇగురుతో మెరిసిపోతున్నాయి, పూత మాత్రం అక్కడక్కడే ఉంది. ఎంత అందంగా ఉందో అని నేను మురిసిపోతుంటే తోట పెద్దాయన ఒక రెమ్మను వంచి చూపించి, "నీకు అందం, నాకు ఆకలి అబ్బయ్యా. నేల ఆరకపోతే చెట్టు ఆకేస్తాది గానీ పూత ఎయ్యదు" అన్నారు. నాకు ఏ పుస్తకం చెప్పినదాని కన్నా ఆ మాట ఎక్కువ అర్థమైంది. కొందరు రైతులు వాన ముగిసేలోపే పాక్లోబ్యూట్రజాల్ అనే మందును పాదుల్లో పోస్తారు. కొమ్మను సాగదీసే జిబ్బరెల్లిన్ అనే హార్మోను చెట్టులో తయారు కాకుండా అది అడ్డుకుంటుంది. ఇగురు వైపు పోయే దారి మూసుకుంటే మొగ్గ పూతవైపు తిరుగుతుంది. చలి చేయవలసిన పనిలో కొంత మందు చేస్తోందన్నమాట. మోతాదు మించితే కొమ్మలు గిడసబారతాయి, ఏటా పోసే తోటల్లో ఆ తేడా కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది.

పూత వచ్చినంత మాత్రాన కాయ వచ్చినట్టు కాదు. ఒక్కో గుత్తిలో వందల నుంచి వేల పువ్వులు ఉంటాయి, వాటిలో చాలా భాగం మగపువ్వులే, మిగిలినవాటిలోనూ నూటికి ఒకటైనా కాయగా నిలవదు. తేనెమంచు పురుగు రసం పీల్చి ఆకులమీద జిగురు కార్చినా, ఉదయపు మంచుకు బూడిద తెగులు పట్టినా ఆ ఒకటీ పోతుంది. అందుకే పూత వాసన తోటంతా కమ్మేసే జనవరి రాత్రుల్లో రైతు ముఖంలో కనిపించేది సంతోషమూ భయమూ కలిసిన చూపు.

మనం వసంతమని పిలిచే కాలం చైత్ర వైశాఖాలు. కానీ మామిడి పుష్య మాఘాల్లో, మోదుగ ఫాల్గుణంలో, అంటే లెక్క ప్రకారం ఇంకా హేమంత శిశిరాలు నడుస్తుండగానే పూస్తాయి. పంచాంగం తప్పా అంటే కాదు. మాఘ శుద్ధ పంచమికి వసంత పంచమి అని పేరుపెట్టిన పెద్దలు, జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో పడే ఆ రోజునే తొలి గుర్తును చూసి ఉంటారని నాకు తోస్తుంది. అసలు చిక్కు ఉగాదితో వస్తుంది. చాంద్రమాన సంవత్సరానికి 354 రోజులు, సూర్యుడి లెక్కకు 365. ఏటా 11 రోజులు వెనక్కి జరుగుతూ, రెండున్నర మూడేళ్ళకోసారి అధికమాసం వచ్చినప్పుడు మళ్ళీ ముందుకు దూకుతుంది. 2023లో ఉగాది మార్చి 22, అధిక శ్రావణం వచ్చినందున 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. తడ దాటి తమిళనాట అడుగుపెడితే వాళ్ళ సౌరమాన సంవత్సరాది ఏటా ఏప్రిల్ 14 దగ్గరే నిలిచి ఉంటుంది.

వేపకు ఈ తిథులతో పని లేదు. అది ఫిబ్రవరి, మార్చి నెలల్లో పాత ఆకు రాల్చి, రాగిరంగు చిగురు వేసి, ఆ కొత్త రెమ్మల మీదే ఆకు పంగల్లో పూగుత్తులు తెస్తుంది. ముందు చిగురు, దాని వెంట పువ్వు, ఈ వరస మారదు. అందువల్ల ఉగాది తొందరగా వచ్చిన ఏట తెల్లవారుజామున గిన్నె పట్టుకుని నాలుగు చెట్లు తిరిగినా పచ్చడికి చారెడు పువ్వు దొరకడం కష్టం, ఆలస్యంగా వచ్చిన ఏట కొన్ని గుత్తుల్లో అప్పటికే ఆవగింజంత పిందెలు కడతాయి. ఈసారి వేప కూడా మోసం చేసిందని పెద్దవాళ్ళు అనేవారు. చెట్టు ఏమీ మోసం చేయలేదు, పండుగే మూడు వారాల మేర అటూ ఇటూ జరుగుతోంది.

పగటి నిడివి మాటేమిటని వృక్షశాస్త్రం తెలిసినవారు అడుగుతారు. లండన్‌లో జూన్ పగలు పదహారున్నర గంటలు, డిసెంబరు పగలు ఎనిమిది గంటలకు లోపే. అంత తేడాను ఏ మొక్కయినా పసిగట్టగలదు. నెల్లూరులో అతి చిన్న పగలు సుమారు 11 గంటల 20 నిమిషాలు, అతి పెద్దది 13 గంటలు. ఏడాదంతా చూసినా తేడా గంటా నలభై నిమిషాలే. అయినా ఉష్ణదేశపు చెట్లలో కొన్ని అరగంట తేడాను కూడా గుర్తుపట్టి ఏటా ఒకే వారంలో చిగురిస్తాయని పొడి అడవుల పరిశీలనలు చెబుతున్నాయి. వాన ముందైనా వెనకైనా తేదీ తప్పని చెట్టు పగటిని చదువుతోందనీ, వానతో పాటు తేదీ జరిగే చెట్టు నేలను చదువుతోందనీ స్థూలంగా అనుకోవచ్చు.

దీన్ని తేల్చాలంటే ఒకే చెట్టు పూసిన తేదీని ఏళ్ళ తరబడి రాసి పెట్టడం తప్ప వేరే మార్గం లేదు. ఇంగ్లండులోని నార్ఫోక్‌లో రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి 1736లో వసంతపు గుర్తులను రాయడం మొదలుపెడితే, ఆయన వంశస్థులు 1958 వరకు కొనసాగించారు. జపాన్‌లోని క్యోటో నగరంలో చెర్రీ పువ్వుల తేదీలు క్రీ.శ. 812 నుంచి దొరుకుతున్నాయి. 2021లో అక్కడ పువ్వులు మార్చి 26కే నిండుగా పూశాయి, అప్పటికి పన్నెండు వందల ఏళ్ళలో అంత తొందర ఎన్నడూ లేదు. మన దేశంలో సీజన్‌వాచ్ అనే కార్యక్రమం బడిపిల్లల చేత, మామూలు పౌరుల చేత ఇలాంటి లెక్కలే రాయిస్తోంది. మన తోటల రైతుల బుర్రల్లో ఉన్న యాభై ఏళ్ళ పూత తేదీలు కాగితం మీదికి రాకుండానే పోతున్నాయి. ఈ విషయం తలచుకుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఇంతకుముందు వదిలేసిన మాటకు వస్తాను. చలిదేశపు మనిషికి డాఫడిల్ కష్టం తీరుతోందని చెబుతుంది. మనకు కొండగోగు, మోదుగ చెప్పేది కష్టం రాబోతోందని. ముందు మార్చి ఎండ, తర్వాత బావుల్లో నీళ్ళు అడుగంటే ఏప్రిల్, ఆపైన రోహిణి కార్తె. అయినా ఆ పువ్వు చూడగానే మనసు తేలికపడుతుంది. ఇది తెలియనితనం వల్ల కలిగిన ఆనందం కాదని నా నమ్మకం. తుపాన్ల భయం తీరి, వరికోతలు దగ్గరపడి, రాత్రులు ఇంకా చల్లగా ఉండే ఆ ఆరేడు వారాలు మన నేలకు ఏడాదిలో దొరికే అతి మృదువైన కాలం. అది పొట్టిదని తెలిసే ఆనందిస్తాం. పైగా ఎండ తనతో పాటు తాటిముంజలనూ మామిడిపళ్ళనూ తెస్తుందన్న సంగతి మన నాలుకకు తెలుసు.

2024 ఉగాది ఏప్రిల్‌లో వచ్చింది కనుక మా వీధిలోని వేపచెట్టు నిండా పువ్వే. మా అమ్మ పచ్చడికి పోగా మిగిలిన పువ్వును చేటలో పోసి, తొడిమలు ఏరి, నీడన నాలుగు రోజులు ఆరబెట్టి గాజుసీసాలో పోసింది. 2026 మార్చి 19 తెల్లవారుజామున అదే చెట్టు కింద నిలబడి చూస్తే లేత ఎర్ర చిగుళ్ళ మధ్య గుత్తులు సన్నటి పచ్చ మొగ్గలుగానే ఉన్నాయి, కింది కొమ్మన ఒక్క గుత్తిలో మాత్రం అయిదారు పువ్వులు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. ఆ అయిదారూ తెచ్చి ఇచ్చాను. అమ్మ సీసాలోని రెండేళ్ళ నాటి పువ్వును బెల్లం నీళ్ళలో కలిపి, వీటిని పైన చల్లింది.